ప్రారంభోత్సవంలో చర్చకు వచ్చిన చీర

2024 జూలై 26న పారిస్ ఒలింపిక్ ప్రారంభోత్సవం మైదానంలో గాక సేన్ నదిపై, వర్షంలో జరిగింది. శరత్ కమల్‌తో కలసి భారత పతాకం ధరించిన హైదరాబాదు క్రీడాకారిణి పి.వి. సింధు చీరపై ప్రత్యక్ష ప్రసారం చూసినవారి దృష్టి పడింది. ఇక్కత్ నమూనాను నేయక, అచ్చువేయడమేమని పలువురు ఆక్షేపించారు.

ఇక్కత్‌లో నూలును ముందుగా కట్లు కట్టి, రంగులో ముంచి, ఆపైన నేస్తారు. అందువల్లనే పువ్వు అంచు కాస్త చెదిరినట్లుంటుంది. అచ్చులో ఆ శ్రమ లేదు, ధరా తక్కువే.

ఆక్షేపణ సబబే. అయితే దీనికి మరొక ముఖముంది. వజ్రాల సానకు పేరొందిన వరాఛా ఉన్న సూరత్ నగరమే చవక అచ్చుచీరలకూ పెద్ద కేంద్రం. తెలంగాణ నుండి వలసవెళ్లిన నేతకుటుంబాల వారెందరో అక్కడి మరమగ్గాలపై బ్రతుకుతున్నారు. పోచంపల్లి ఇక్కత్ వారి స్వరాష్ట్రపు కళే.