కృత్రిమ కాలు అమర్చువారి అర్హత - పంచాయతీల బాధ్యత

కొంతకాలము క్రిందట పంచాయతీ కార్యక్రమములను చూచుటకై మేము ఒక గ్రామమునకు పోయియుంటిమి. అచ్చట ఒక వ్యవసాయ కూలీ ఇంటి వసారాలో, దూలమునకు కట్టి వ్రేలాడదీసిన కృత్రిమ కాలొకటి మా కంటబడినది. ఆ ఇంటి యజమానికి నూర్పిడి యంత్రములో చిక్కి మోకాలి దిగువ కాలు పోయినది. పట్టణములో జరిగిన ఒక శిబిరమునందు ఆయనకు ఆ కాలును ఉచితముగా ఇచ్చిరి; మెడలో దండ వేసి ఫోటో తీసిరి. కాని ఆయన మాత్రము చంకకర్రలతోనే తిరుగుచున్నాడు. కారణమడుగగా, "అది కట్టుకుని పొలం గట్టు దాటేసరికి కాలు పుండవుతోందయ్యా. పారేయడానికి మనసొప్పక అట్టే పెట్టాను" అని చెప్పినాడు. కొలత ఎవరు తీసిరని అడిగితిమి. "ఎవరో బాబులు తీశారండి. మళ్ళీ కనబడలేదు" అని జవాబు వచ్చినది.

ఈ చిన్న మాటలోనే నేటి మన పాఠమంతయు ఇమిడియున్నది. కాలు ఇచ్చినవారి సదుద్దేశమును మనము శంకింపనక్కరలేదు. కాని కొలత తీసినదెవరు, వారికి ఆ పని చేయుటకు అర్హత కలదా, మరల వచ్చి చూచుటకు ఎవరు బాధ్యులు అను ప్రశ్నలను ఆనాడు ఎవరును అడుగలేదు. వానిని అడుగదగినవారు పంచాయతీ సభ్యులే.

ఇది పంచిపెట్టు వస్తువు కాదు

దుప్పటిని గాని, గొడుగును గాని ఎవరికి ఇచ్చినను సరిపోవును. కృత్రిమ కాలు అట్టిది కాదు. తెగిన కాలి మొండి భాగము ఏ ఇద్దరికిని ఒక్క తీరుగ ఉండదు. కనుక మొదట ఆ భాగముపై తడిపిన ప్లాస్టరు పట్టీ చుట్టి అచ్చు తీయవలెను. ఆ అచ్చులో ప్లాస్టరు పోసి కాలి నమూనాను తయారు చేయవలెను. అటు పిమ్మట నమూనాను కొన్ని చోట్ల చెక్కి, కొన్ని చోట్ల పూతవేసి సరిదిద్దవలెను. పని నేర్పంతయు ఇచ్చటనే కలదు.

మోకాలి చిప్పకు దిగువనున్న గట్టి స్నాయువు శరీరపు బరువును మోయగలదు. అచ్చట తొడుగు బిగువుగా ఆనవలెను. మొండి భాగము చివరనున్న ఎముక మొనయు, మోకాలి వెలుపలి ప్రక్క ఉబికియుండు ఎముకయు ఒత్తిడిని ఓర్వజాలవు. అచ్చట తొడుగు తగులకుండ చోటు విడువవలెను. ఈ భేదము తెలియనివాడు చేసిన కాలు చూపునకు ఎంత అందముగ ఉన్నను, నాలుగడుగులు వేయునప్పటికి చర్మము ఒరసి పుండగును. మధుమేహము గలవారికి స్పర్శ మందగించి, పుండు పడిన సంగతియే తెలియదు. అట్టివారికి తప్పు కొలత వలన రెండవసారి శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

ఆపరేషనైన మొదటి నెలలలో మొండి భాగము వాపు తీసి సన్నగిల్లును. అందువలన ఆదిలో సరిపోయిన తొడుగు తరువాత వదులగును. పిల్లలకైనచో ఎదుగుదలతో బాటు పరికరమును మార్చుచుండవలెను. కావున ఒకసారి కాలు ఇచ్చి పంపుటతో పని ముగియదు. కొలత, తయారీ, నడక నేర్పుట, సవరణ అను నాలుగును కలిసియే ఒక సేవ యగును.

లేని అవయవమునకు బదులు కృత్రిమావయవమును చేయువారిని ప్రోస్థెటిస్టులనియు, ఉన్న అవయవము బలహీనముగా గాని వంకరగా గాని ఉన్నప్పుడు దానికి ఆధారమిచ్చు కాలిపర్లు, పట్టీలు, ప్రత్యేకపు బూట్లు చేయువారిని ఆర్థోటిస్టులనియు అందురు. మన దేశములో ఈ రెండు విద్యలను ఒకే కోర్సుగా నేర్పుచున్నారు.

దేశమంతటికి ఒకే ప్రమాణము

వికలాంగులకు సేవ చేయువారి చదువును, శిక్షణను క్రమబద్ధము చేయుటకు భారత ప్రభుత్వము 1986లో భారత పునరావాస మండలిని ఒక సొసైటీగా నెలకొల్పినది. 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టమును ఆమోదించినది. 1993 జూన్ 22 నుండి మండలి చట్టబద్ధమైన సంస్థ యైనది. ప్రోస్థెటిస్టులు, ఆర్థోటిస్టులు ఈ చట్టము పరిధిలోనికి వచ్చిన వృత్తులవారిలో చేరియున్నారు.

మండలి ముఖ్యముగ రెండు పనులు చేయును. ఏ చదువును, ఏ సంస్థలో, ఎంత కాలము చదివినచో అర్హత లభించునో నిర్ణయించుట మొదటిది. ఆ అర్హత పొందినవారి పేర్లను కేంద్ర పునరావాస రిజిస్టరులో నమోదు చేయుట రెండవది. గుర్తింపు పొందిన అర్హత లేనివారును, రిజిస్టరులో పేరు లేనివారును దేశమునందెచ్చటను ఈ వృత్తి చేయరాదని చట్టములోని 13వ సెక్షను చెప్పుచున్నది. ఉల్లంఘించినవారికి ఒక సంవత్సరము వరకు జైలు గాని, వేయి రూపాయల వరకు జరిమానా గాని, లేక రెండును గాని విధింపవచ్చునని 1992 నాటి చట్టమున వ్రాయబడినది.

ఇదే సెక్షనులో మన సభ్యులు గమనింపదగిన మాట యొకటి కలదు. ప్రభుత్వములోనే గాక, స్థానికాధికార సంస్థ నడపు ఏ సంస్థలోనైనను రిజిస్టరులో లేనివారు ఇట్టి పదవి వహింపరాదు. స్థానికాధికార సంస్థ యనగా పంచాయతీయు అందు చేరినదే.

మరియొక విశేషము. 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చినదియు ఆ 1993 సంవత్సరముననే. ఏప్రిల్ 24వ తేదీన. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు 26వది వికలాంగుల సంక్షేమముతో గూడిన సాంఘిక సంక్షేమము. ఇట్లు ఒకే సంవత్సరమున అర్హతల కట్టుబాటు ఢిల్లీలోను, సంక్షేమ బాధ్యత గ్రామములోను ఏర్పడినవి. రెంటిని కలుపుట మన పని.

చదువులేని పనివాని మాట ఏమి?

"డిగ్రీ లేనివానికి పనితనము ఉండదా?" యని కొందరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన జైపూరు పాదమును 1968లో రూపొందించినవారిలో రామచంద్ర శర్మగారు బడి చదువు అంతగా లేని శిల్పకారుడు. పడమటి దేశముల పాదమునకు బూటు తప్పనిసరి. దానితో గొంతుకూర్చొనుటకు గాని, బురదలో నడచుటకు గాని వీలు లేదు. మన రైతుకు కావలసినది అది కాదు. శర్మగారు రబ్బరుతో వంగు పాదమును తయారుచేసిరి. అది ధరించి బూటు లేకయే పొలములోనికి దిగవచ్చును.

అయితే శర్మగారు ఒంటరిగా ఆ పని చేయలేదు. ఎముకల వైద్యులు డాక్టరు ప్రమోద్ కరణ్ సేథీగారు ప్రక్కనే నిలిచి, శరీర ధర్మములకు అనుగుణముగా దానిని పరీక్షించి, రోగుల నడకను చూచి సవరింపజేసిరి. సేథీగారికి 1981లో మెగసేసే పురస్కారము లభించినది. ఈ ఉదాహరణము నేర్పునది అర్హత అక్కరలేదని కాదు. పనివాని చేయియు, విద్యావంతుని పరీక్షయు కలియవలెనని. మన ఊరి వడ్రంగియు, చెప్పులు కుట్టువారును తెగిన పట్టీని బాగుచేయవచ్చును. కాని కొలత తీయుట, బరువు ఎచ్చట ఆనవలెనో నిర్ణయించుట అర్హుని చేతులలోనే ఉండవలెను.

అమెరికా అనుభవము

చట్టము వ్రాసినంత మాత్రమున పని జరుగునా? సంపన్న దేశమైన అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇదే విషయముపై జరిగిన కథ దీనికి సమాధానము చెప్పగలదు. ఆ దేశమున వృద్ధులకును, కొందరు వికలాంగులకును కేంద్ర ప్రభుత్వము మెడికేర్ అను ఆరోగ్య బీమాను నడపుచున్నది. ఒక్కొక్కరి కొలతకు ప్రత్యేకముగ తయారుచేసిన అవయవములకు, ఆధార పరికరములకు అర్హులైనవారు చేసిననే సొమ్ము చెల్లింపవలెనని అక్కడి శాసనసభ 2000 సంవత్సరమున చట్టము చేసినది. ఈ వృత్తికి లైసెన్సు ఇచ్చు పద్ధతి కొన్ని రాష్ట్రములలో మాత్రమే యుండుట వలన దేశమంతటికి ఒక ప్రమాణము కావలసివచ్చినది.

నిబంధనలను కలసి వ్రాయుటకై వివిధ వర్గముల ప్రతినిధులతో ఒక సంఘమును వేసిరి. ఆ సంఘము 2002, 2003 సంవత్సరములలో సమావేశమైనను ఏకాభిప్రాయము కుదరలేదు. 2017 జనవరిలో ప్రభుత్వము ముసాయిదా నిబంధనలను ప్రకటించినది. తాము ఇదివరకే లైసెన్సు పొందియుండగా మరియొక సర్టిఫికెట్టు ఏలయని ఫిజియోథెరపిస్టులు ఆక్షేపించిరి. ఆ సంవత్సరము అక్టోబరులోనే ముసాయిదాను ఉపసంహరించిరి. చట్టము చేసిన 17 సంవత్సరములకును నిబంధన రూపము దాల్చలేదు.

ఉభయ పక్షముల వాదనలోను కొంత న్యాయము లేకపోలేదు. కట్టుబాటు సడలినచో రోగికి హాని. మరీ బిగిసినచో మారుమూల ఉన్నవారికి చేయు దిక్కే ఉండదు. మన గ్రామములకును ఈ రెండవ చిక్కు కలదు. అర్హులు నగరములలోనే ఎక్కువగా నున్నారు. దీనికి పరిష్కారము అర్హత లేనివారిని ఊరిలోనికి పిలుచుట కాదు. మనవారిని అర్హుల యొద్దకు చేర్చుట, అర్హులను మన యొద్దకు రప్పించుట.

పంచాయతీలు చేయదగినవి

1. పట్టికను తయారుచేయుడు. జనాభాలో ప్రతి వేయిమందికి సుమారు 5 గురికి కృత్రిమావయవములు గాని, ఆధార పరికరములు గాని అవసరమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన 4,000 జనాభా గల గ్రామమున 20 మంది ఉండవచ్చును. ప్రమాదములలోను, మధుమేహము వలనను కాలు పోయినవారు, పూర్వము పోలియో సోకి నేడు నడివయస్సునకు వచ్చినవారు, వంకర పాదములతో పుట్టిన శిశువులు అందు చేరుదురు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్తల సాయముతో ఈ పట్టిక ఒక వారములో పూర్తియగును.

2. శిబిరమునకు ముందు విచారింపుడు. ఎవరు వచ్చి శిబిరము పెట్టెదమన్నను ఈ ఐదు ప్రశ్నలు అడుగుడు: కొలత తీయువారి పేరు, పునరావాస మండలి రిజిస్టరు సంఖ్య ఏవి? ప్రతి వ్యక్తికి విడిగా అచ్చు తీయుదురా? ధరింపజేసి నడక నేర్పుదురా? సవరణకు ఏ తేదీన మరల వచ్చెదరు? విరిగినచో బాగుచేయు చోటు ఎక్కడ? జవాబులను పంచాయతీ పుస్తకములో వ్రాయించి సంతకము తీసికొనుడు. మంచి సంస్థలు ఈ ప్రశ్నలకు సంతోషముగ జవాబు చెప్పును.

3. పసిపిల్లల విషయమున ఆలస్యము చేయకుడు. పుట్టుకతో లోపలికి తిరిగిన పాదములను వారము వారము ప్లాస్టరు కట్టు మార్చుచు సరిచేయవచ్చును. పిమ్మట ప్రత్యేకపు బూట్లను మూడు నెలలపాటు రోజుకు 23 గంటలును, తరువాత నాలుగైదేండ్లు వచ్చువరకు నిద్రించునప్పుడును తొడుగవలెను. బిడ్డ ఏడ్చుచున్నదని తల్లి బూట్లు విప్పివేసినచో పాదము మరల వంకరపోవును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఈ లోపమును గుర్తించి వైద్యమునకు పంపుదురు.

4. ఆపరేషనైనవారిని హెచ్చరింపుడు. మోకాలి దిగువ కాలు తీసినప్పుడు సుఖముగా ఉండునని మోకాలి క్రింద దిండు పెట్టుట మన యిండ్లలో వాడుక. దాని వలన మోకాలు వంగి బిగిసిపోవును. అటు పిమ్మట ఎంతటి నిపుణుడు చేసిన కాలైనను పట్టదు. కాలు చాచియుంచవలెను, వైద్యుడు చెప్పినట్లు కట్టు కట్టవలెను.

5. పథకములను ఉపయోగింపుడు. 1981 నుండి అమలులోనున్న కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకము క్రింద, ఆదాయ పరిమితికి లోబడినవారికి పరికరములు లభించును. 1972లో కాన్పూరులో స్థాపింపబడిన ప్రభుత్వ కృత్రిమావయవముల కర్మాగారము వీనిని తయారుచేయుచున్నది. వికలాంగత్వ ధ్రువపత్రము, యు.డి.ఐ.డి. కార్డు ముందుగానే సిద్ధము చేయించుడు.

6. యువజనులకు దారి చూపుడు. ఇంటర్మీడియెటులో భౌతిక, రసాయన శాస్త్రములతో బాటు జీవశాస్త్రము గాని, గణితము గాని చదివినవారు ప్రోస్థెటిక్స్, ఆర్థోటిక్స్ డిగ్రీలో చేరవచ్చును. ఆరు నెలల అనుభవ శిక్షణతో గలసి ఇది నాలుగున్నర సంవత్సరముల చదువు. కటకము, కలకత్తా, చెన్నై సమీపమున గల ముట్టుకాడు మొదలగు చోట్ల జాతీయ సంస్థలు ఈ విద్య నేర్పుచున్నవి. మండలమునకొకరు ఈ చదువు చదివి తిరిగి వచ్చినను మన కొరత చాలవరకు తీరును.

పాఠము మొదట చెప్పిన వ్యవసాయ కూలీ సంగతి ముగింతము. ఆ గ్రామ సర్పంచిగారు ఆయనను జిల్లా కేంద్రమునకు తీసికొనిపోయి, రిజిస్టరులో పేరున్న ప్రోస్థెటిస్టుకు చూపించిరి. ఆపరేషనైన కొలది వారములకే కొలత తీయుట వలన, మొండి భాగము సన్నగిల్లినప్పుడు తొడుగు వదులై చర్మమును ఒరయుచున్నదని తేలినది. మరల అచ్చు తీసి క్రొత్త తొడుగు చేసిరి, రెండుసార్లు సవరించిరి. మేము మరల ఆ ఊరు పోయినప్పుడు దూలము ఖాళీగా నున్నది. ఆయన పొలమునందున్నాడు.

కాలు ఇచ్చినవారి పేరు శిలాఫలకముపై వ్రాయుదుము. ఇక ముందు కొలత తీసినవారి పేరును, రిజిస్టరు సంఖ్యను పంచాయతీ పుస్తకములో వ్రాయుట కూడ అలవాటు చేసికొందము. వచ్చు గ్రామసభలో సభ్యులు ఈ విషయమును చర్చకు పెట్టుదురని ఆశించుచున్నాము.