ఫ్యాక్టరీ పక్కనే వెతుకు

చిత్తూరు

చి. హారికకు,

శ్రీసిటీలో నీకు ఉద్యోగం కుదిరినందుకు ఇంట్లో అందరికీ సంతోషం. తడలో గది బాగానే ఉందనీ, తిండే బాగలేదనీ, సెలవు దొరికితే కొరియా భోజనం కోసం లోకల్ రైలెక్కి చెన్నై మాల్‌కి పోతున్నాననీ మీ అమ్మతో చెప్పినావంట. ఆ మాట విన్నాక నీకు రాయక తప్పలేదు.

పలమనేరు, వి.కోట కూరగాయలను ఏళ్ల తరబడి చెన్నై శివార్ల హోటళ్లకు తోలినవాణ్ణి నేను. ఆ హోటళ్లను ముందు గది నుంచి కాదు, సరుకు దించే వెనక వాకిలి నుంచి చూసినాను. కాబట్టి గట్టిగానే చెబుతున్నా. నువ్వు వెతికే భోజనం పట్నం నడిబొడ్డున లేదు. ఫ్యాక్టరీలున్న చోట, హైవే పక్కన ఉంది.

కారణం చెబుతా విను. 1998లో ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కార్లు తయారవడం మొదలయ్యాక కొరియా నుంచి వచ్చినవాళ్ల కోసం ఆ శ్రీపెరుంబుదూరు దారిలో వాళ్ల భోజనశాలలు వచ్చినాయి. మన సీమలోనే, పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు బయటికి వచ్చేసరికి ఆ చుట్టుపక్కల కొరియా అక్షరాల బోర్డులు లేచినాయి. మీ శ్రీసిటీలో 2016లో ఇసుజు ఫ్యాక్టరీ తెరిచింది. కోబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు ఇంకా ఎన్నో ఉన్నాయి. అక్కడికి వచ్చే ఇంజనీరు పెళ్లాంబిడ్డలను దేశంలో వదిలి కొన్నేళ్ల పనికని వస్తాడు. పొద్దంతా షెడ్డులో నిలబడి, సాయంత్రానికి తన ఊరి అన్నం, తన ఊరి చారు కావాలంటాడు. అతనికి వండిపెట్టేవాడు రుచి మార్చితే రెండో రోజు ఆ మనిషి రాడు. మాల్‌లో వండేది మన కోసం. మనం ముఖం చిట్లిస్తామేమోనని పులుపు తగ్గిస్తారు, తీపి పెంచుతారు, పులిసిన వాసన తెలియనీయరు. అద్దె కూడా ఆ పళ్లెంలోనే చేరుతుంది.

మన తిరుపతి బండ్ల మీది గోబీ మంచూరియాను నేను తక్కువ చేయడం లేదు. ఆ మంచూరియా వంటను 1975లో ముంబయిలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు పుట్టించినాడని చెబుతారు. ఆయన కలకత్తాలో పుట్టిన చైనా మనిషి. పచ్చిమిరప, అల్లం, వెల్లుల్లి వేసి మన నాలుకకే చేసిన వంట అది. అది మన తిండే, తిను. కానీ చైనా వాళ్లు ఇంట్లో తినేది అదేననుకోవద్దు.

ఇక గుర్తుపట్టే సంగతి. ఈ ఫ్యాక్టరీ పక్క భోజనశాలలన్నిటికీ పెద్ద బోర్డు ఉండదు. చాలావరకు గెస్ట్‌హౌసుల కింది అంతస్తులోనే నడుస్తాయి. బయటివాళ్లకు పెడతారో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కో. రాత్రి ఏడున్నర, ఎనిమిదికి పోయి ఎవరు తింటున్నారో చూడు. యూనిఫారం కూడా విప్పకుండా ఆ దేశం వాళ్లు నలుగురు కూర్చొని, మెనూ అడగకుండా తింటుంటే నువ్వూ కూర్చో. మెనూలో థాయ్, చైనా, జపాన్, కొరియా, పనీర్ టిక్కా అన్నీ ఉంటే లేచి వచ్చేయ్. ఒక వంటింట్లో అన్ని దేశాలు సరిగ్గా ఉడకవు.

కొరియా భోజనశాలను కిమ్చితో కొలువు. ముల్లంగి, క్యాబేజీ మూటలకొద్దీ తీసుకున్న హోటల్ కిమ్చి తనే పెట్టుకుంటుందని లోడు దించేటప్పుడే నాకు తెలిసిపోయేది. డబ్బాల కిమ్చి తెప్పించేవాళ్లకు నా దగ్గర పని ఉండేది కాదు. నువ్వు అడగాల్సిందీ అదే: ఇక్కడే పెడతారా, ఎప్పుడు పెట్టింది? అన్నంతో పాటు చిన్న చిన్న గిన్నెల్లో కూరలూ ఊరగాయలూ వస్తాయి. అవి అయిపోతే మళ్లీ తెచ్చిపెట్టడం కొరియా మర్యాద. వాటికి విడిగా బిల్లు వేశారంటే ఆలోచించు. మొదటిసారి పులియబెట్టిన సోయా ముద్దతో కాచిన పులుసు, వేడి రాచిప్పలో వడ్డించే బిబింబాప్ చెప్పు. గిన్నె అడుగున అన్నం చిటపటమని మాడుపట్టాలి. జపాన్ వాళ్ల దగ్గర అన్నం, మిసో చారు, ఊరగాయ, ఒక చేప లేదా మాంసం కలిపి పళ్లెంగా ఇస్తారు. అక్కడ ముందు అన్నం చూడు. పొట్టిగింజ బియ్యం, మెతుకుకు మెతుకు అంటుకొని ఉండాలి. మన సోనా మసూరి పెట్టినారంటే మిగతా వంటలోనూ సర్దుబాట్లే ఉంటాయి.

పెరటాసి శనివారాలు మన ఇంట్లో నీచు ముట్టం కదా, ఆ రోజుల్లో జాగ్రత్త. కూరగాయలు మాత్రమే తేలుతున్న మిసో చారుకు కూడా ఎండుచేప తురుముతో కాచిన నీళ్లే ఆధారం. కిమ్చిలో మామూలుగా ఉప్పు రొయ్యలో, చేప రసమో పడుతుంది. ‘వెజ్’ అన్న మాట నమ్మొద్దు, చేప, రొయ్య పేర్లు పెట్టి అడుగు. కొరియా బౌద్ధ మఠాల్లో నీచు లేకుండా, మన తిరుమల ప్రసాదాల్లాగే ఉల్లి, వెల్లుల్లి కూడా లేకుండా వండే గొప్ప సంప్రదాయం ఉంది. ఎక్కడైనా దొరికితే వదలొద్దు.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకో. ఈ చోట్లు కంపెనీతో పాటే మారతాయి. ప్రాజెక్టు అయిపోయి మనుషులు వెళ్లిపోతే వంటవాడూ వెళ్లిపోతాడు, అదే పేరుతో ఇంకో వంట నడుస్తుంది. పోయినేడు బాగున్నది ఈ ఏడూ బాగుంటుందని లేదు. డాలస్‌లో ఉండే మీ అన్నకు కూడా ఇదే చెప్పినాను. ఊరి మధ్యకు పోకుండా కారోల్టన్‌లో కొరియా వాళ్లు సరుకులు కొనే చోట చూడమన్నాను. ఇప్పుడు వాడు వారం తప్పకుండా అక్కడికే పోతున్నాడు.

ఫోన్లో రేటింగు చుక్కలు చూసి ఎంచుకోవద్దు పాపా. మీ లైనులో కొరియా, జపాన్ పెద్దవాళ్లు ఎవరైనా ఉంటారు. రాత్రి ఎక్కడ తింటారో వాళ్లను రేపే మర్యాదగా అడుగు. తోడుకు ఇంకో ఆడపిల్లను తీసుకొని పో. ఏం తిన్నావో నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాయన