కాగితానికి అందని బాకీలు

గాజువాకలో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి నేను. అమ్మకం, తనఖా, భాగపరిష్కారం, వీలునామా... మనుషులు ఒకరికొకరు ఇచ్చుకున్న ఎన్నో మాటలు నా చేతిమీదుగా కాగితమెక్కాయి. నేరం వేరు, చట్టం ముందు చెల్లని పని వేరు, అధర్మం వేరు. మూడూ ఒకటేననుకునేవారు తాము ఎంత నష్టపోతారో, ఎదుటివారిని ఎంత నష్టపెడతారో దగ్గరనుంచి చూశాను. వింటారని నమ్మి చెబుతున్నాను.

1. దావా పోయినంత మాత్రాన అప్పు తీరిపోదు.

ప్రోనోటుకు గడువు మూడేళ్లు. ఆలోగా కొంత సొమ్ము జమ చేయించుకుని నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. లేకుంటే కాలదోషం పడుతుంది, కోర్టు డిక్రీ ఇవ్వదు. అప్పుడు బాకీదారు ఎగ్గొట్టినా నేరస్థుడు కాడు. నేను చూసినంతలో ఇలా దెబ్బతిన్నవాళ్లంతా మొహమాటస్థులు. స్నేహితుణ్ణి నోటు మార్చమని అడగడానికి నోరు రాక ఊరుకున్నవాళ్లు. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో నాకెంతో నచ్చిన మాట ఒకటుంది: కాలదోషం పట్టిన అప్పును తీరుస్తానని బాకీదారు మళ్లీ రాసి సంతకం పెడితే, కొత్తగా ప్రతిఫలమేమీ ముట్టకపోయినా ఆ రాత చెల్లుతుంది. గడువు దాటినా అప్పు అప్పేనని చట్టానికీ తెలుసన్నమాట. అలా తనంతట తాను వచ్చి రాసిచ్చినవారు నాకు చాలా అరుదుగా తారసపడ్డారు. వాళ్ల దగ్గర రాతకూలి పుచ్చుకోలేదు.

2. చెల్లని అమ్మకంలో మోసపోయిందెవరో తొందరపడి తేల్చకండి.

డి-పట్టా భూమి ప్రభుత్వం పేదవాడికిచ్చినది. 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది, కొన్నవాడికి హక్కు సంక్రమించదంది. అయినా స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయించుకుని, నోటరీ ముద్ర వేయించుకుని కొన్నవారు ఉన్నారు. తర్వాత అధికారులు వచ్చి బోర్డు పాతితే మోసపోయామని గోలపెట్టారు. ఇంట్లో రోగమో పెళ్లో వచ్చి అమ్ముకుంటున్నవాడి అవసరం చూసే కదా ధర దించింది! చట్టం ఆ అమ్మకాన్ని చెల్లదన్నది ఆ పేదవాడి కోసమే. బొర్రా గుహల ప్రాంతంలో గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పుదీ ఇదే దారి. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు తన భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వరాదంది. సంతకం సర్కారుదైనా చెల్లనిది చెల్లదు.

3. నేరమని రాసిందల్లా పాపం కాదు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన ఏజెన్సీలో తాతల నాటి పోడు సాగు నేరమైపోయింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడి తుపాకులు పట్టుకెళ్లాడు. ఆనాటి చట్టానికి అదీ నేరమే. ఈనాడు ఆ కొండలున్న జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం. అడవిబిడ్డలకు జరిగింది చారిత్రక అన్యాయమని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది.

4. దస్తావేజు సవ్యంగా ఉంటే చాలదు, దాని వెనక బేరం చూడాలి.

పెళ్లిళ్ల రోజుల్లో పసుపు కుంకుమ కింద కూతురికి దానపత్రాలు రాయిస్తారు. ప్రేమతో ఇచ్చేవారు లేకపోలేదు. కానీ కొన్నింటి వెనక ముందురాత్రి తెగిన బేరం ఉండేది. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం అడిగినా, ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమే. దానపత్రం మాత్రం నిక్షేపంగా రిజిస్టరయ్యేది. ఉన్న ఒక్క సెంటు స్థలాన్నీ రాసిస్తున్న తండ్రి ముందు కూర్చుని, ‘నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేకుండా’ అన్న వాక్యం నేనే రాశాను, నేనే చదివి వినిపించాను. ఒక్కసారైనా కలం పక్కన పెట్టి, ఇది నిజమేనా బాబూ అని అడగలేదు. అడిగితే బేరం పోతుందని కాదు, అది నా పని కాదనుకున్నాను. నా పనే. ఆ వాక్యం నాది.

5. చట్టప్రకారం తీసుకున్నదానికీ బాకీ ఉంటుంది.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో ఆంధ్రదేశమంతా కదిలింది. 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. అందుకోసం 64 ఊళ్లవాళ్లు నేలనిచ్చారు. 1894 భూసేకరణ చట్టం కింద నోటిఫికేషన్లు వచ్చాయి, పరిహారం ముట్టింది. అందులో నేరం లేదు, చట్టం ముందు చెల్లనిదీ లేదు. కానీ ఆ చట్టంలో భూమికి ధర ఉంది గాని, ఊరు పోయినవాడి బతుకు ఊసు లేదు. పునరావాసం పేరిట ఆర్-కార్డు చేతికిచ్చి, ఇంటికో ఉద్యోగమన్న ఆశ పెట్టారు. కొందరికి వచ్చింది. రానివాళ్లు అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీల్లో వయసు మీరే దాకా ఎదురుచూశారు. పునరావాసాన్ని చట్టంలోనే చేర్చి, భూమి పోయినవారికి ఉద్యోగమో సొమ్మో ఇవ్వాలన్న కొత్త చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎన్నడో ముగిసిన సేకరణల్లో ఊళ్లు వదిలినవారికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

2021 జనవరి 27న కేంద్రం ఈ ప్లాంటులో నూటికి నూరుపాళ్లూ పెట్టుబడులు ఉపసంహరించుకోవాలని నిర్ణయించింది. 2025 జనవరిలో నిలబెడతామంటూ 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అమ్మినా నిలబెట్టినా ఆస్తులు, అప్పులు పైసాతో సహా లెక్కగడతారు. ఆర్-కార్డును ఆ లెక్కలో ఏ పద్దు కింద రాస్తారో, చదువుకున్న పిల్లలు మీరే వెళ్లి కాగితం మీద జవాబు అడగండి. అర్జీ రాయడం రాకపోతే నా దగ్గరకు రండి, రాసిపెడతాను.