సిఫారసు, పరీక్ష, రోస్టరు



నోటిఫికేషన్, మెరిట్ లిస్టు, రోస్టర్ పాయింటు అనే మాటలు గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే మనకు కొత్త కాదు. ఇవి ఎలా వచ్చాయో తెలిస్తే పోటీపరీక్షకు పనికొస్తుంది, మన హక్కు విలువా తెలుస్తుంది.

అమెరికాలో జరిగినది

ఒకప్పుడు అమెరికాలో ఎన్నికల్లో గెలిచిన పార్టీ సర్కారు ఉద్యోగాలను తన మనుషులకే పంచేది. 1881లో ఉద్యోగం దొరకని ఒకడు అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చాడు. ఆ గాయంతోనే ఆయన మరణించాడు. దాంతో 1883లో పెండిల్టన్ చట్టం చేశారు. సివిల్ సర్వీస్ కమిషన్ ఏర్పడి, కొన్ని ఉద్యోగాలకు పోటీపరీక్ష మొదలైంది. ఆ కమిషన్‌లో సభ్యుడిగా పనిచేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1901లో అధ్యక్షుడయ్యాడు. 1906లో ఆహార, ఔషధ కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. 1913లో రాజ్యాంగ సవరణలతో ఆదాయపు పన్నుకు దారి ఏర్పడింది, సెనేటర్లను ప్రజలే ఎన్నుకునే పద్ధతీ వచ్చింది. అందుకే ఆ కాలాన్ని సంస్కరణల యుగం అంటారు.

అయితే నల్లజాతివారికి ఆ యుగం మేలు చేయలేదు. 1913లో వుడ్రో విల్సన్ అధ్యక్షుడయ్యాక ఖజానా, తపాలా శాఖల్లో వారిని వేరుగా కూర్చోబెట్టారు. 1914లో ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో అంటించాలన్నారు. జాబితాలో పైనున్న ముగ్గురిలో ఒకరిని ఎంచుకునే వీలు అధికారికి ఉండేది. మార్కులు చూడవలసినచోట ముఖం చూశారు.

మన దగ్గర జరిగినది

అప్పట్లో కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1919 చట్టం ప్రకారం 1920లో ఎన్నికలు జరిగి జస్టిస్ పార్టీ అధికారంలోకి వచ్చింది. పానగల్లు రాజా ప్రభుత్వ కాలంలో, 1921 సెప్టెంబరులో, ఉద్యోగాలలో అన్ని వర్గాలకూ చోటు ఇవ్వాలని జీవో వచ్చింది. 1924లో స్టాఫ్ సెలక్షన్ బోర్డు పెట్టారు. 1927 నాటి జీవోలో 12 ఖాళీలను ఇలా పంచారు: బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లకు, క్రైస్తవులకు కలిపి 2, అణగారిన వర్గాలకు 1. నేటి రోస్టరుకు అది పాత రూపం. 1929లో మద్రాసు సర్వీస్ కమిషన్ ఏర్పడింది. దేశంలో రాష్ట్రస్థాయి కమిషన్లలో అదే మొదటిది.

ఇక్కడా లోటు ఉంది. ఆస్తి, పన్ను ఉన్నవారికే అప్పుడు ఓటు. కూలివాడికి లేదు. అణగారిన వర్గాల ప్రతినిధులను ప్రజలు ఎన్నుకోలేదు, ప్రభుత్వమే నామినేట్ చేసింది. ఎం.సి. రాజా అలా శాసనమండలికి వచ్చినవారే.

1950లో రాజ్యాంగం అందరికీ ఓటు ఇచ్చింది. 16వ అధికరణం ఉద్యోగాలలో సమాన అవకాశం, వెనుకబడినవారికి రిజర్వేషన్ చెప్పింది. 315వ అధికరణం సర్వీస్ కమిషన్లను చెప్పింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, దానికి సొంత కమిషన్ వచ్చింది. 1956లో అదే ఏపీపీఎస్సీ అయింది.

మనం గ్రహించవలసినది

పరీక్ష ఉంటే సిఫారసుకు అడ్డుకట్ట పడుతుంది. రోస్టరు ఉంటే ముఖం చూసి పక్కన పెట్టడం కుదరదు. కానీ పరీక్ష హాలు దాకా పిల్లవాడు చేరాలి కదా! వానలు లేక అమ్మానాన్నలు సుగ్గికి పోతే, బిడ్డ కూడా వెంట పోయి మిరపకాయలు కోస్తే, ఏ జీవో అయినా ఏం చేస్తుంది? ఆ బిడ్డకు అన్నం పెట్టి, పుస్తకం ఇచ్చి, బడి మానకుండా చూసేది హాస్టలే. ఈ మూడింటిలో ఏది తగ్గినా మిగతా రెండూ మనకు అందవు. కాబట్టి హాస్టల్ సీటును ఎవరో చూపిన దయ అనుకోకండి. రేపు మీరు ఆఫీసులో కుర్చీ ఎక్కినప్పుడు ఎదుటివాని కాగితం చూడండి, ముఖం చూడకండి.

చదివి చెప్పండి

1. పెండిల్టన్ చట్టం ఎందుకు వచ్చింది?
2. దరఖాస్తుపై ఫొటో వల్ల ఎవరికి నష్టం జరిగింది?
3. 1927 జీవోలో అణగారిన వర్గాలకు 12లో ఎన్ని ఖాళీలు?
4. మీ ఊరిలో బడి మాని సుగ్గికి పోతున్న పిల్లలు ఎందరు? వారిలో ఒక్కరినైనా హాస్టల్లో చేర్పించడానికి మీరు ఏం చేయగలరు?