ఏ చట్టం ప్రకారం?



అర్ధరాత్రి పోలీసులు తలుపు తట్టే పద్ధతిని ఒక మామూలు పౌరుడు సుప్రీంకోర్టులో నిలదీసిన కేసు ఖరక్ సింగ్‌ది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఆయన మీద 1941లో బందిపోటు కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా ఆయన పేర హిస్టరీ షీట్ తెరిచారు. కానిస్టేబుళ్లు, చౌకీదార్లు రాత్రిళ్లు ఇంటికొచ్చి కేకలు వేసి నిద్ర లేపుతున్నారనీ, ఊరు దాటితే ఎక్కడికని ఆరా తీస్తున్నారనీ ఆయన ఫిర్యాదు. రాజ్యాంగం 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు.

పోలీసులు చూపిన ఆధారం వాళ్ల శాఖ నిబంధనావళి, అందులోని 236వ నిబంధన. అది శాసనసభ చేసిన చట్టం కాదు, దానికి చట్టం దన్నూ లేదు. 1962 డిసెంబర్ 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతే తేల్చి, రాత్రి ఇళ్లకు వెళ్లే అధికారాన్ని 21వ అధికరణానికి విరుద్ధమని కొట్టేసింది. మిగతా నిఘాను మాత్రం ఉండనిచ్చింది; గోప్యత ప్రాథమిక హక్కు కాదంది.

అక్కడ విభేదించినవారు ఇద్దరు: జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షా. సుబ్బారావు రాజమహేంద్రవరంలో పుట్టినవారు, 1954లో ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. రాజ్యాంగంలో గోప్యత అన్న మాట లేకపోయినా అది వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ, మొత్తం 236వ నిబంధనే చెల్లదనీ ఆయన రాశారు. వెంట నిఘా నడుస్తుంటే మనిషి నడక స్వేచ్ఛగా ఉండదన్న ఆ చూపు నాటి తీర్పులన్నిటిలోనూ అరుదైనది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

ఇక నేటి సోదాల విషయానికొస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షన్ వారెంటు లేని సోదాకు వీలిస్తుంది. అయితే దర్యాప్తులో ఉన్న నేరానికి ఫలానా వస్తువు అవసరమని, అది అక్కడుందని నమ్మే కారణాలను అధికారి ముందే రాసిపెట్టాలి. ఆ కాగితాల నకళ్లు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు పంపాలి. సోదాను వీడియో తీయాలి. ఆ ప్రాంతపు పెద్దమనుషులు కనీసం ఇద్దరు సాక్షులుగా ఉండాలి. ఇంటివారిని దగ్గర ఉండనివ్వాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా నకలు వారికివ్వాలి. ఇంటింటికీ కారణం రాయకుండా బస్తీ మొత్తాన్ని చుట్టుముట్టే నిర్బంధ తనిఖీలు ఈ సెక్షన్‌లో ఇమడడం కష్టం.

సోదాకు వచ్చిన పోలీసులతో గుమ్మంలో పెనుగులాడితే విధులకు ఆటంకం కలిగించారన్న కేసు మీద పడుతుంది. అక్కడ అడగాల్సింది ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ కేసు అని మాత్రమే. వచ్చినవారి పేర్లు, హోదాలు, సమయం అదేరోజు రాసుకోవాలి. చదవకుండా పంచనామా మీద సంతకం చేయకూడదు. సోదా అక్రమమైనంత మాత్రాన దొరికిన సాక్ష్యం చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 1973లో ఇచ్చిన పూరన్‌మల్ తీర్పు చెబుతోంది. అందుకే నిందితుడిగా విచారణ వచ్చేదాకా ఆగకుండా 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయడం మేలు. అధికారి రాసిన కారణాల నకలు కావాలని ఇంటివారు దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేటు ఉచితంగా ఇవ్వాలి. రిట్‌కు జతచేయాల్సిన మొదటి కాగితం అదే.