భుజం నొప్పి: అలసటా? గాయమా?



గోల్ఫ్ ఆటగాళ్లను వేధించే భుజం గాయమే అమరావతి పరిసరాల చేలలో మందు కొట్టేవారికీ, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీలకూ వస్తుంది. భుజం కీలును పట్టి ఉంచే నాలుగు చిన్న కండరాల నరాలు (స్నాయువులు) పదే పదే ఒరుసుకుని వాస్తాయి, క్రమంగా చిరుగుతాయి. 16 లీటర్ల స్ప్రేయరులో నీళ్ల బరువే 16 కిలోలు కదా!

ఎలా గుర్తించాలి?

1. అలసట నొప్పి కొద్దిరోజుల విశ్రాంతితో తగ్గుతుంది. గాయం నొప్పి తగ్గదు.
2. చేతిని పక్కనుంచి పైకెత్తేటప్పుడు సగం ఎత్తులో నొప్పి పుడితే స్నాయువు వాపును అనుమానించండి.
3. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం మరో గుర్తు.
4. మరొకరు ఎత్తితే లేచే చేయి తనంతట తాను లేవకపోతే స్నాయువు తెగి ఉండవచ్చు.
5. ఎవరు ఎత్తినా లేవకుండా బిగుసుకుపోతే చక్కెర పరీక్ష చేయించుకోండి. మధుమేహం ఉన్నవారికి ఈ బాధ ఎక్కువ.

నాటువైద్యంతో చేయి లాగించుకోవద్దు. ఎడమ భుజం నొప్పితోపాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కూలి పోతుందని ఓర్చుకోకండి. వాచిన స్నాయువు విశ్రాంతితో, వ్యాయామంతో చాలామందికి మానుతుంది. పూర్తిగా తెగితే ఆపరేషన్ దాకా రావచ్చు.