టైఫాయిడ్‌లో పొట్ట మీదా ఓ కన్నేయండి

పిల్లలకు టైఫాయిడ్ అని తేలగానే ఇంటిల్లిపాదీ చూపు థర్మామీటరు మీదే ఉంటుంది. సహజమే. సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది, రెండో రోజుకే దిగులుపడి డాక్టర్ని మార్చకండి. నేను చెప్పదలచింది పొట్ట సంగతి.

నీళ్లతో, తిండితో లోపలికి చేరిన టైఫాయిడ్ బ్యాక్టీరియా చిన్నపేగు చివరి భాగంలో తిష్ఠ వేస్తుంది. చికిత్స ఆలస్యమైతే అక్కడ పుండ్లు పడతాయి. పుండు రక్తనాళాన్ని తొలిస్తే రక్తస్రావం, పేగు గోడనే తొలిస్తే చిల్లు. ఇది ఎక్కువగా జ్వరం మొదలైన మూడో వారంలో జరుగుతుంది. అంటే, గండం గడిచిందిలే అని మనం ఊపిరి పీల్చుకునే రోజుల్లోనే!

ఉన్నట్టుండి కడుపునొప్పి ఎక్కువై, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా, ఉబ్బి బల్లలా గట్టిపడినా, వాంతులు ఆగకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం పడినా తెల్లవారేదాకా ఆగకండి. ఒక్కోసారి జ్వరం హఠాత్తుగా పడిపోయి, ఒళ్లు చల్లబడి, చెమటలు పడతాయి. దాన్ని చూసి జ్వరం విడిచిందని సంబరపడేవాళ్లున్నారు, కానీ అదీ ప్రమాద సూచనే. సర్జన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. ఈలోగా నోటికి ఏమీ ఇవ్వకండి. విరేచనాల మందు, ఎనిమా అసలే వద్దు. నొప్పి తగ్గేందుకు ఇంజెక్షన్ చేయించి ఇంటికి తెచ్చేసుకోవడం ఇంకా ప్రమాదం. పేగుకు చిల్లు పడితే ఆపరేషన్ తప్పదు, అదీ గంటల్లో జరగాలి.

ఇంత భయం చెప్పానని పిల్లల్ని పస్తులుంచకండి. లంఖణం పరమౌషధమన్నది ఇక్కడ పనికిరాదు. వాంతులు, పొట్ట ఉబ్బరం లేనప్పుడు మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, పెరుగన్నం, గంజి కొద్దికొద్దిగా పెట్టండి. ఇంకో మాట, ఒక్క వైడల్ రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని టైఫాయిడ్ అని తీర్మానించుకోవద్దు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించమని అడగండి. మందు మొదలయ్యాక మాత్రం, జ్వరం తగ్గినా డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే.

అన్నిటికన్నా మేలు, జబ్బే రాకుండా చూసుకోవడం. ఆరు నెలలు నిండిన పసివాళ్లకూ వేయదగ్గ టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఉంది. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే ఈ రకం టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత గుర్తింపు 2017 చివర్లోనే దక్కింది. టీకా వేయించినా నీళ్లు కాచి తాగడం మానకూడదు. ఈసారి పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు టీకాల కార్డు తీసి, ఇది పడిందో లేదో అడగండి.